ఒక బల్బు వెలిగించి చూపండి

పిరమిడ్ ఆకారంలో పైపులు నిలబెట్టి, రాగి తీగ చుట్టి, దాన్నుంచి కరెంటు తీస్తామనే ఔత్సాహికులు లోకంలో చాలామందే ఉన్నారు. కొందరు వాళ్ళని చూసి నవ్వుతారు, కొందరు దండం పెడతారు. నాకు రెండూ నచ్చవు. వాళ్ళని అడగాల్సింది ఒక్కటే: మీటరులో అంకెలు తరవాత చూద్దాం, ముందు ఒక బల్బు తగిలించి వెలిగించండి.

ఆర్ట్స్ చదివే అమ్మాయికి ఈ గొడవ ఎందుకంటారా? అలాంటి యంత్రం ఒకటి మా మొట్టమాడి మీదే ఉంది. (మొట్టమాడి తమిళ మాటని తెలుసు మేడమ్. అమ్మది తెలుగు, నాన్నది తమిళం; మిద్దె అంటే నాన్నకి అర్థం కాదు.) కట్టింది మా పెద్దమామ. రిటైరయ్యాక అల్యూమినియం పైపులతో నాలుగడుగుల పిరమిడ్ చేసి, లోపల రాగి తీగ చుట్టి, దిక్సూచి పెట్టి ఉత్తరానికి సరిచేశారు. రోజూ పొద్దున మల్టీమీటరు పెట్టి, వచ్చిన అంకె, టైము, ఎండా మబ్బా, అన్నీ నోటుబుక్కులో రాస్తారు. ఇంట్లో అందరికీ అది తమాషా. ఆ నోటుబుక్కు చదివితే మాత్రం నవ్వు రాదు. మా క్లాసులో ఎవరం అంత శ్రద్ధగా నోట్సు రాయం!

ఆ నోటుబుక్కులోనే ఒక సంగతి దొరికింది. వాన పడ్డ మర్నాడు అంకె పెరుగుతోంది. మామ దాన్ని ఆకాశంలోని శక్తి అంటారు. కానీ రాగి, అల్యూమినియం రెండూ ఒకే తడిలో ఉంటే అదే ఒక చిన్న బ్యాటరీ. నిమ్మకాయలో రెండు రకాల లోహాలు గుచ్చి స్కూల్లో మనం చేసిందే. దానికి పిరమిడ్ అక్కర్లేదు, తడిసిన గోడ చాలు. పైగా పొడవాటి తీగ ఇంటి వైర్లలోని కరెంటునీ, రేడియో తరంగాలనీ కాస్త కాస్త పట్టుకుంటుంది. అంటే మామ కొలిచినదాంట్లో కొంత ఈబీ వాళ్ళ సొమ్మే! మల్టీమీటరు నిరోధం మామూలుగా కోటి ఓములు. అందుకని అది దాదాపు ఏమీ తాగకుండానే వోల్టులు చూపిస్తుంది. బల్బు అలా ఊరుకోదు. చిన్న ఎల్‌ఈడీకైనా రెండు వోల్టులు, కొన్ని మిల్లీయాంపులు ఆగకుండా కావాలి.

మామ దగ్గర ఇంకో వాదన ఉంది, అది కొంచెం గట్టిది. 1859లో వెర్నర్ సీమెన్స్ అనే జర్మన్ ఇంజనీరు ఎర్రసముద్రం కేబుల్ పనిమీద వెళ్తూ, ఈజిప్టులో గీజా పెద్ద పిరమిడ్ ఎక్కాడు. ఎడారి గాలి దుమ్ము లేపుతోంది. శిఖరం మీద వేలు పైకెత్తితే బుస్సుమని చప్పుడు! సీసాకి తడి కాగితం చుట్టి పైకి ఎత్తితే అది కరెంటు దాచుకునే జాడీ అయిపోయి నిప్పురవ్వలు వచ్చాయి. వెంట వచ్చిన అరబ్బులు హడలిపోయారు. ఇది పుకారు కాదు, సీమెన్సే రాసిపెట్టాడు. కానీ కారణం గాలిలో రాసుకుంటున్న దుమ్ము, దాదాపు 140 మీటర్ల ఎత్తు. ఆ గాలిలో అంత ఎత్తున మరే మొనదేలిన చోటైనా ఇలా జరగొచ్చు. ఆ సీమెన్సే ఏడెనిమిదేళ్ళకి డైనమో సూత్రం కనిపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. అందులో పిరమిడ్ లేదు. తీగ చుట్టలు, ఇనుము, తిప్పడానికి ఒక ఇంజను.

సరే, గాలిలో కరెంటు అసలు లేదా? ఉంది. మంచి వాతావరణంలో నేల దగ్గర మీటరు ఎత్తుకి సుమారు 100 వోల్టులు. వినడానికి పెద్దది. కానీ ఒక చదరపు మీటరుకి పారేది యాంపులో లక్షకోట్లో వంతులు రెండు, అంతే. నేలకీ పై వాతావరణానికీ మధ్య ఉన్న మూడు లక్షల వోల్టులూ మన చేతికే వచ్చాయనుకున్నా, 100 చదరపు మీటర్ల మొట్టమాడి మీద దొరికేది 0.06 మిల్లీవాట్లు. ఒక్క 9 వాట్ల బల్బుకి లక్షన్నర మొట్టమాడీలు కావాలి. అదే చోట మిట్టమధ్యాహ్నం ఎండలో చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్లు పడుతున్నాయి. సోలార్ పలక అందులో అయిదో వంతు పట్టుకుంటుంది.

పిరమిడ్ కింద ధ్యానం చేసేవాళ్ళు మన చుట్టాల్లోనూ ఉన్నారు. ఆ జోలికి నేను పోను. మనశ్శాంతికి మీటరు లేదు, కరెంటుకి ఉంది.

మామ తన డబ్బుతో తీగ చుట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ఇప్పుడు ఇంకొకాయన వచ్చి, ఇల్లంతటికీ సరిపోయే పిరమిడ్ కిట్ ఇస్తాను, అడ్వాన్సు నలభై వేలు అంటున్నాడు. మామ రిటైర్మెంట్ డబ్బు మీద కన్ను. పేటెంటు కూడా ఉందన్నాడు. పిరమిడ్ మీద పేటెంటు నిజంగానే ఉంది, 1959లో చెకొస్లొవేకియాలో ఇచ్చారు. అది షేవింగ్ బ్లేడు పదును నిలపడానికి!

నేను ఫోన్ తీసుకుని అడిగాను: "సార్, ప్లగ్గు ఎక్కడా పెట్టకుండా, లోపల బ్యాటరీ లేకుండా, ఒక 9 వాట్ల బల్బు రాత్రంతా వెలిగించి చూపిస్తారా?"

"నువ్వేం చదువుతున్నావమ్మా?" అన్నాడు తమిళంలో.

"తెలుగు."

"అదీ సంగతి," అని నవ్వాడు.

ఆ నవ్వే నాకు మంట. ఎంత సేపు, ఎంత బరువు, దేని ఖర్చుతో అని అడగడానికి ఏ డిగ్రీ కావాలి? నెలాఖరులో సరుకుల పద్దు చూసే మా అమ్మమ్మ కూడా అడుగుతుంది. పెట్టె విప్పి చూపించమనడానికి మాత్రం మనకి మొహమాటం. ఇంట్లో స్క్రూడ్రైవరు తమ్ముడి చేతికిస్తారు, మనల్ని టార్చి పట్టుకోమంటారు. అక్కడే వస్తోంది ఈ మొహమాటం.

మామ ఇంకా డబ్బు కట్టలేదు. ముందు డెమో చూద్దామని ఒప్పుకున్నారు, అమ్మేవాడు వచ్చే ఆదివారం వస్తానన్నాడు. ఫిజిక్స్ వాళ్ళ దగ్గర ఇంకో మల్టీమీటరు అప్పడిగాను. బల్బు, హోల్డరు కొన్నాను. పెట్టె విప్పడానికి స్క్రూడ్రైవరు కూడా. రావాలనుకునేవాళ్ళు సాయంత్రం ఆరుకల్లా వస్తే మంచిది, చీకటి పడితేనే కదా తెలిసేది. ఫిల్టర్ కాఫీ మామ ఇస్తారు.