నేతన్న దుకాణం ఫోన్‌లో కనిపించాలి

భూదాన్ పోచంపల్లి పేరు తెలియనివారు అరుదు. 1951లో వినోబా భావే భూదానోద్యమం ఇక్కడే ప్రారంభమైంది. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. ఇక్కడి ఇక్కత్ నేతకు భౌగోళిక గుర్తింపు సైతం ఉంది. ఊరికి ఇంత పేరున్నా, సందులో మగ్గం నేసే నేతన్న ఇల్లు బయటివారికి తెలియకపోవడం విచారకరం.

హైదరాబాద్ నుంచి వచ్చేవారు ఇప్పుడు దారిలో ఎవరినీ అడగడం లేదు. సెల్‌ఫోన్‌లో గూగుల్ తెరచి 'పోచంపల్లి చీరలు' అని వెతుకుతున్నారు. అందులో కనిపించిన దుకాణం ముందే కారు ఆగుతుంది. కనిపించని దుకాణంలో ఎంత మేలిరకం చీర ఉన్నా అడిగేవారుండరు. చివరకు షావుకారు చెప్పిన ధరకే ఇచ్చుకోవలసి వస్తుంది.

గూగుల్‌లో దుకాణం వివరాలు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. బోర్డుపై ఉన్న పేరునే రాయాలి. పేరు పక్కన 'చౌక', 'నంబర్ వన్' వంటి మాటలు తగిలించడం నిబంధనలకు విరుద్ధం. చిరునామా, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, సెలవు రోజు సరిగా ఉండాలి. పట్టుచీరలా, నూలు చీరలా, దుప్పట్లా అన్నది వివరణలో తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాయాలి. మగ్గం, సరుకు ఫోటోలు పెట్టాలి. కొన్నవారిని అభిప్రాయం రాయమని కోరవచ్చు. అయితే తగ్గింపు ఆశ చూపి రాయించుకోకూడదు. ఎవరైనా లోపం ఎత్తిచూపితే మర్యాదగా జవాబివ్వాలి.

వెతికిన మాటకు దుకాణం ఎంతవరకు సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్న మూడింటిని బట్టి వరుస నిర్ణయమవుతుందని గూగుల్ చెబుతోంది. డబ్బు కడితే ఈ వరుసలో పైకి రావడం కుదరదని కూడా స్పష్టం చేసింది. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలు వేరు. కనుక 'మొదటి స్థానం ఇప్పిస్తాం' అంటూ ఫోన్ చేసే దళారులను నమ్మరాదు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. నమోదు ఇతరుల ఈమెయిల్‌తో జరిగితే, దుకాణం తాళంచెవి వారి చేతిలో పెట్టినట్లే.

పెద్ద వయసు నేతన్నలకు ఇదంతా కొత్త. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక పూట కూర్చుంటే చాలావరకు పూర్తయ్యే పని ఇది. చేనేత సహకార సంఘాలు చొరవ తీసుకుని పోచంపల్లిలోనే కాక పుట్టపాక, కొయ్యలగూడెంలలో కూడా ఇంటింటికీ ఈ నమోదు చేయించాలి. ఊరి పేరుతో వచ్చే బేరంలో ఊరి నేతన్నకు వాటా దక్కడం న్యాయం.