అల్లరి వాడిది... ఆందోళన అమ్మది!

బడి నుంచి ఫోన్ వస్తే చాలు, గుండె దడదడలాడుతుంది. ఇవాళ ఎవర్ని కొట్టాడో, ఏం విరగ్గొట్టాడో! కొత్తమ్మతల్లి జాతరకు కోటబొమ్మాళి అంతా కదిలి వెళ్తుంటే, జనంలో పిల్లాడు చెయ్యి విడిపించుకుని పరుగెడతాడేమోనన్న భయంతో ఇంట్లోనే ఉండిపోయే తల్లి పరిస్థితి ఊహించండి. పైగా ఇరుగుపొరుగు మాటలు... 'ఓలమ్మా, గుంటడికి కాస్త భయం నేర్పలేదేటి?'

కుదురుగా కూర్చోలేకపోవడం, చెప్పేది పూర్తిగా వినకముందే లేచిపోవడం, ఆలోచించకుండా చేసెయ్యడం... పన్నెండేళ్లలోపే మొదలైన ఇలాంటి లక్షణాలు వయసుకు మించి, ఆర్నెల్లకు పైగా, ఇంట్లోనూ బళ్లోనూ కూడా కనిపిస్తుంటే ఏడీహెచ్‌డీ ఉందేమోనని వైద్యులు పరిశీలిస్తారు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోనూ ఈ సమస్య ఉంది. కానీ ఆ పిల్లాడి తల్లి రాత్రిళ్లు నిద్రపోతోందా అని అడిగేవాళ్లేరీ?

ఇలాంటి పిల్లల తల్లుల్లో ఆందోళన, కుంగుబాటు ఎక్కువని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. శ్రీకాకుళం జిల్లాలో దీనికి మరో బరువు తోడవుతుంది. బతుకుతెరువు కోసం మగవాళ్లు హైదరాబాద్‌కో, చెన్నైకో, గల్ఫ్‌కో వెళ్లిన ఇళ్లు ఇక్కడ తక్కువేం కాదు. అలాంటి ఇంట్లో బడికెళ్లి మాటపడేదీ, రాత్రి ఫోన్లో భర్తకు సంజాయిషీ చెప్పుకునేదీ ఆమె ఒక్కతే.

తప్పు పెంపకానిదా?

'నా వల్లే వాడిలా అయ్యాడు'... చాలామంది తల్లుల్ని తొలిచేసే ఆలోచన ఇది. అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లో రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీ ఇలాంటి ఆలోచనల మీదే పనిచేస్తుంది. దాన్ని కాగితం మీద రాయిస్తారు. దీనికి రుజువేంటి, కాదనడానికి ఏముంది అని అడుగుతారు. రుజువులు అమ్మ పక్షానే ఉన్నాయి. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో సుమారు 74 శాతం జన్యువులతో ముడిపడినవే. అంటే గారాబంతో వచ్చేదీ కాదు, నాలుగు తగిలిస్తే పోయేదీ కాదు. (ఆ జన్యువుల్లో నాన్నవీ సగం ఉంటాయని అత్తగారికి గుర్తుచేయాలా!) కొందరు తల్లులకైతే, పిల్లాణ్ని చూపించడానికి వెళ్లాకే, చిన్నప్పటి నుంచీ తమకూ ఇదే సమస్య ఉందని తెలుస్తుంది. అప్పుడు దానికీ విడిగా చికిత్స కావాలి.

దిగులు రోజంతా వెంటాడకుండా దానికంటూ ఓ పావుగంట కేటాయించమనడం మరో పద్ధతి. మధ్యాహ్నం వచ్చిన భయాన్ని సాయంత్రానికి వాయిదా వేస్తారు. అప్పటికి అందులో సగం గుర్తుండదు కూడా. భయపడి మానేసిన పనుల్ని మెల్లగా మళ్లీ మొదలుపెట్టిస్తారు. ముందు రద్దీలేని రోజున గుడికి, తర్వాత సంతకు, ఆ తర్వాతే జాతరకు.

పిల్లాడితో మెలిగే తీరులోనూ తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. 'పుస్తకాలు సర్దు, కాళ్లు కడుక్కో, అన్నానికి రా' అని ఒకే ఊపులో కాకుండా ఒక్కో పనీ చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం లాంటివి. నాలుగైదేళ్ల పిల్లలకు మందులకంటే ముందు ఈ శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో సూచించింది. అయితే వాడు కాస్త కుదురుకున్నంత మాత్రాన ఆమె ఆందోళన దానంతటదే పోతుందనుకోకూడదు. దాన్ని విడిగా చూపించుకోవాల్సిందే.

ఎప్పుడు, ఎక్కడ?

రెండు వారాలుగా నిద్ర పట్టక, ఊరికే చిరాకు, ఏదో జరగబోతోందన్న భయం వదలకపోతే ఆగొద్దు. ఏడు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటుంది. 21 మార్కుల్లో 10 గానీ, అంతకుమించి గానీ వస్తే నిపుణులు లోతుగా పరిశీలిస్తారు. అవసరమైతే మందులూ ఇస్తారు.

విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల కోటబొమ్మాళికి దాదాపు 150 కిలోమీటర్లు. పిల్లాణ్ని ఎవరికి అప్పగించి వెళ్లాలన్నదే పెద్ద సమస్య. అలాంటివాళ్లు ముందు ఇంట్లోంచే 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరిది. ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లాడు పడుకున్నాక, రాత్రి పదకొండింటికైనా సరే.