మా ఇంట్లో అలాంటివేం లేవండీ!

అమెరికాలో ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు చేతిలో ఓ ఫారం పెడతారు. మీ అమ్మకి ఏం జబ్బులున్నాయి, నాన్నకి ఏమున్నాయి, వాళ్ళ తోబుట్టువులకి ఏమున్నాయి అని. పదిహేనేళ్ళుగా నేను బీపీ, షుగరు దగ్గర టిక్కు పెట్టి, క్యాన్సర్ దగ్గర "లేదు" అని రాసేస్తూ వచ్చాను. అది అబద్ధమని రెండేళ్ళ క్రితం దాకా నాకే తెలీదు.

అప్పుడే న్యూజెర్సీలో ఉండే మా అక్కకి ఓవరీ క్యాన్సర్ అని తేలింది. తనకి నలభై మూడేళ్ళు. నాలుగు నెలలుగా కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉండడం. గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగుతూ కూర్చుంది. తెలిసేసరికి మూడో స్టేజి. ఆపరేషన్ అయ్యాక జెనెటిక్ కౌన్సెలర్ కూర్చోబెట్టి, అటువైపూ ఇటువైపూ ఎవరికైనా ఉందా అని అడిగితే అక్క కూడా నాలాగే "లేదు" అంది. కానీ రక్త పరీక్షలో బీఆర్‌సీఏ1 జీన్‌లో మ్యుటేషన్ బయటపడింది. అమ్మకి పరీక్ష చేయిస్తే ఆవిడకి లేదు. అంటే నాన్న వైపు నుంచి వచ్చిందన్నమాట.

నాన్నకి ఫోన్ చేసాను. మూడు రోజులు "అలాంటివేం లేవురా" అన్నారు. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేసారు. పచ్చకామెర్లతో పోయిందని మాకు చెప్పిన మేనత్త నిజానికి పోయింది ఓవరీ క్యాన్సర్‌తో, నలభై ఆరేళ్ళకి. హైదరాబాదు తీసుకెళ్ళి కీమో చేయించింది నాన్నే! "అప్పుడు అక్కకి సంబంధాలు చూస్తున్నాం కదరా... నువ్వా, చదువుకుంటున్నావు, కంగారు పడతావని..."

మనందరికీ తెలిసిన మాటే కదా ఇది, "కంగారు పడతారని చెప్పలేదు". ఈ మాట మీదే నా పోట్లాట.

కొంచెం సైన్సు చెప్పుకుందాం. 2011లో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ వాళ్ళు ఓవరీ క్యాన్సర్‌లో ఎక్కువగా వచ్చే, ప్రమాదకరమైన రకం మీద పెద్ద పరిశోధన ప్రచురించారు. (మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివి హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయిన రాజు కూచెర్లపాటి గారు కూడా ఈ అట్లాస్ పనిలో ఉన్నారు.) 316 ట్యూమర్లలో జీన్లను అక్షరం అక్షరం చదివితే, 96 శాతంలో టీపీ53 అనే జీన్ చెడిపోయి ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, తప్పులున్న కోడ్‌ని రిలీజ్ కానివ్వకుండా ఆపే కాపలాదారు అది. చాలావరకు ఇది పుట్టాక ట్యూమర్‌లో జరిగిన మార్పు, తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. కానీ అవే ట్యూమర్లలో దాదాపు ఐదింట ఒకదానిలో బీఆర్‌సీఏ1 గానీ బీఆర్‌సీఏ2 గానీ చెడిపోయి ఉంది. ఇవి తెగిన డీఎన్ఏని బ్యాకప్ కాపీ చూసి సరిచేసే జీన్లు. వీటిలో ఎక్కువ భాగం మాత్రం పుట్టుకతో వచ్చినవే!

అమ్మ నుంచైనా నాన్న నుంచైనా ఇది బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఈ జబ్బు మామూలుగా నూటికి ఒకరికో, అంతకంటే కాస్త ఎక్కువ మందికో వస్తుంది. బీఆర్‌సీఏ1 మ్యుటేషన్ ఉన్న ఆడవాళ్ళలో నూటికి నలభై మందికి పైనే.

పెళ్ళి సంబంధానికి గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం, మూడు తరాల ఆస్తిపాస్తులు తవ్వుతాం. అత్తయ్య దేనితో పోయిందో మాత్రం దాస్తాం. ఆడపిల్లకి పెళ్ళయితే గోత్రం మారుతుందేమో గానీ జీన్ మారదు కదా?

"తెలిసి మాత్రం ఏం చేస్తాం, అంతా రాత" అంటారు. చాలా చెయ్యొచ్చండీ. ఈ జబ్బుని స్కానింగులతో ముందే పట్టడం కష్టం. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో, ఏటేటా పరీక్షలు చేసినా చావులు తగ్గలేదని 2021లో తేలింది. అందుకే ముందు తెలియడం ముఖ్యం. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్ళకి పిల్లలు పుట్టడం అయిపోయాక, ముప్పై అయిదు నలభై మధ్య ఓవరీలు, ట్యూబులు తీయించుకోమని డాక్టర్లు చెప్తారు. ముప్పు చాలా తగ్గుతుంది. మా అక్కకి ముప్పై అయిదప్పుడు ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. చెప్పగలిగిన మనిషి ప్రతి ఆదివారం ఫోన్‌లో వాతావరణం గురించి మాట్లాడేవారు.

ఖర్చా? మిరియడ్ అనే కంపెనీ చేతిలో పేటెంట్లు ఉన్నన్నాళ్ళు ఈ పరీక్షకి మూడు వేల డాలర్ల పైన అయ్యేది. శరీరంలో సహజంగా ఉన్న డీఎన్ఏ మీద ఎవరికీ పేటెంటు లేదని 2013 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు జడ్జీలు తొమ్మిది మందీ ఒక్కమాటగా తీర్పు ఇచ్చారు. ఇప్పుడు కొన్ని వందల డాలర్లలో అయిపోతుంది. కోర్టు తాళం తీసింది, మనం మాత్రం ఇంటి బీరువాలో పెట్టి మళ్ళీ తాళం వేస్తున్నాం!

ఇన్సూరెన్స్ భయం పూర్తిగా తప్పు కాదు. 2008లో వచ్చిన చట్టం ప్రకారం ఈ ఫలితం చూపించి హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించకూడదు, చాలా కంపెనీల్లో ఉద్యోగం లోంచి తీసెయ్యకూడదు. కానీ లైఫ్ ఇన్సూరెన్స్‌కి ఆ చట్టం వర్తించదు. అందుకని పరీక్షకి ముందు ఆలోచించుకోండి, కౌన్సెలర్‌తో మాట్లాడండి. అంతేగానీ దాచకండి.

నాన్న చెడ్డవారు కాదు. ప్రేమతోనే దాచారు. ఆ ప్రేమకి రేటు అక్క కట్టింది. ఇప్పుడు తను ఓలాపరిబ్ మాత్రలు వాడుతోంది. బీఆర్‌సీఏ చెడిపోయిన క్యాన్సర్ కణాలకి మిగిలిన రిపేరు దారిని కూడా మూసేసే మందు. స్కాన్ వచ్చిన ప్రతిసారీ మేమందరం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ఇది రాయడానికి ఒప్పుకున్నది కూడా తనే. "రాయరా, ఇంకెవరైనా వాము నీళ్ళతో సరిపెట్టుకోకుండా ఉంటారు" అంది.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకూ ఉంది. నాకు తొమ్మిదేళ్ళ కూతురుంది. ఇప్పుడే చెప్పను, పరీక్షా చేయించను. పెద్దయ్యాక చెప్తాను, ఆ తర్వాత నిర్ణయం తనది. తన సంబంధం చెడిపోతే చెడిపోనీ!

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు పోయారు, ఏ జబ్బుతో, ఎన్నో ఏట? అటువైపు నుంచి "మన ఇంట్లో అలాంటివేం లేవు" అని వస్తే, నాలుగో రోజు దాకా అడుగుతూనే ఉండండి.