అక్షరం కనబడితే చాలునా?

దేవుడు మన కంటిలో అమర్చిన కటకం దగ్గరకు, దూరానికి తానే ఆకారం మార్చుకుంటుంది. నలభై దాటాక అది గట్టిపడి చత్వారం వస్తుంది. బైబిలును చేయి చాచి పట్టుకుంటే గాని అక్షరాలు ఆనవు.

ఆకారం మార్చుకునే కటకాన్ని ద్రవంతో చేయవచ్చునని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యులు జాషువా సిల్వర్ 1985లో తలపెట్టారు. ఆయన రూపొందించిన కళ్ళజోడులో పల్చని పొరల మధ్య సిలికాన్ నూనె ఉంటుంది. పక్కనున్న చిన్న సిరంజితో నూనె ఎక్కిస్తే కటకం ఉబ్బి ప్లస్ పవరు పెరుగుతుంది. వెనక్కి లాగితే లోపలికి వంగి మైనస్ అవుతుంది. చూపు తేటపడగానే మర బిగించి సిరంజి తీసివేస్తారు. కంటి డాక్టరు లేని ఊళ్ళకు ఇది మేలైన సాధనమేనని మేమూ ఒప్పుకుంటాము.

అయితే సంతలో కొన్న జోడైనా, ఇలా సరిచేసుకునే జోడైనా కంటి లోపలి జబ్బును చూపించలేదు. నీటికాసులు వ్యాధి చాలామందిలో నొప్పి లేకుండానే చూపును అంచుల నుండి హరిస్తుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. షుగరు వలన రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో అక్షరాలు బాగానే కనబడతాయి.

కాబట్టి జోడు ఎక్కడ కొన్నా సరే, నలభై దాటినవారు కంటి లోపలి పరీక్ష కూడా చేయించుకోవాలని, షుగరు ఉన్నవారు ఏటా తప్పక రావాలని మా మనవి. వచ్చేటప్పుడు పాత జోడు, వాడుతున్న మందులు వెంట తెచ్చుకోండి.