ఫిల్టర్ మార్చారు సరే, జెట్ సంగతేమిటి?

పాత బుల్లెట్టుకో, యమహా ఆర్‌ఎక్స్ 100కో సోకులు చేయించాలనుకున్న కుర్రాళ్ల చెయ్యి ముందు పడేది గాలి డబ్బా మీదే. కంపెనీ ఇచ్చిన డబ్బా ఊడబీకి, కార్బొరేటర్ మూతికి శంకువు ఆకారంలో ఉండే ఫిల్టర్ తగిలిస్తారు. హైదరాబాద్ పుత్లీబౌలీలో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో అయినా ఇది టీ చల్లారేలోపు అయిపోయే పని. క్లాంప్ బిగించగానే బండి గొంతు మారుతుంది. గొంతుతో పాటు బలమూ పెరిగిందని నమ్మేస్తారు. చాలా బండ్లలో పెరిగేది చప్పుడే.

లెక్క చిన్నది. బరువు ప్రకారం 1 పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. బండి గట్టిగా లాగాలంటే ఇంకాస్త చిక్కగా, 13 పాళ్లకు దగ్గరగా ఉండాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6తో వచ్చిన ఇంజెక్షన్ బండ్లలో ఈ లెక్క సెన్సర్లు చూసుకుంటాయి. పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. దానికి తెలిసిందల్లా ఇత్తడి జెట్‌లోని బెజ్జం, గొంతులో పుట్టే పీల్పు. ఫిల్టర్ దగ్గర అడ్డు తగ్గితే గాలి సులువుగా వచ్చేస్తుంది, పీల్పు సడలుతుంది, అదే బెజ్జంలోంచి వచ్చే పెట్రోలు చాలదు. ఎసరు పెంచకుండా బియ్యం పోసినట్టన్నమాట.

ఆ తర్వాత కథ మెకానిక్కులందరికీ తెలిసిందే. పికప్ ఇవ్వబోతే మిస్సింగ్. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పటపట. చోక్ సగం లాగితే బండి బాగున్నట్టు అనిపిస్తుంది. పెట్రోలు తక్కువైందనడానికి అంతకంటే తేలికైన గుర్తు లేదు. ఇంజను వేడెక్కుతుంది, ప్లగ్గు మొన తెల్లబడుతుంది. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండ్లలో ప్రమాదం రెట్టింపు. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. పిస్టన్ పట్టేస్తుంది, బండి బోరుకొస్తుంది.

‘అయితే పెద్ద మెయిన్ జెట్ వేసేస్తే సరి’ అనే సలహా సగమే నిజం. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350నే తీసుకుందాం. 346 సీసీ ఇంజనుకు 24 మిల్లీమీటర్ల మిక్‌కార్బ్ కార్బొరేటర్. యాక్సిలరేటర్ తిప్పే కొద్దీ అందులో పెత్తనం చేతులు మారుతుంది. ఐడ్లింగ్ నుంచి పావు వంతు లోపు వరకు పైలట్ జెట్‌ది, గాలి స్క్రూది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. మెయిన్ జెట్ అసలు రంగంలోకి దిగేది ముప్పావు దాటాకే. ఊళ్లో నింపాదిగా తిరిగే బుల్లెట్ అక్కడిదాకా పోయేది ఎప్పుడోగానీ లేదు. నీడిల్‌ను బయటికి తీస్తే తల దగ్గర సన్నటి గాడులు కనిపిస్తాయి, వాటిలో ఒకదానికి గోరంత క్లిప్. ఆ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, మధ్య రన్నింగ్‌లో పెట్రోలు పెరుగుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని చాలా షెడ్లలో ఎవరికీ గుర్తుండదు.

గుర్తుండేది తీగ. జెట్‌లో సన్నతీగ దూర్చి తిప్పి ‘పెద్దది చేశాం’ అంటారు. మెయిన్ జెట్ బెజ్జం సుమారు ఒక మిల్లీమీటరు. వ్యాసం 5 శాతం పెరిగితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. తీగ గీతలు పడ్డాక ఇత్తడి మీద చెక్కిన నంబరుకు విలువ లేదు. పైగా కార్బొరేటర్ కంపెనీలు మికుని, కెయిహిన్ జెట్ల మీద వేసే నంబర్లు ఒకే కొలత కావు. ఒకదాని 100 తీసి రెండోదాని 100 పెట్టి సరిపోయిందనుకోవడం అమాయకత్వం.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అని ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. టూ వీలర్లకు ఆ పరీక్ష చేసేది ఐడ్లింగ్‌లో. అంటే పైలట్ జెట్ ఒక్కటే పరీక్ష రాసి వస్తుంది. నీడిల్, మెయిన్ జెట్ హాలు వైపే పోవు.

కొన్ని బండ్లకు జెట్ మార్చినా ఫలితం అంతంతే. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మాలోని సీవీ కార్బొరేటర్‌లో స్లైడ్‌ను లేపేది కేబుల్ కాదు, రబ్బరు డయాఫ్రమ్ మీద గాలి ఒత్తిడిలోని తేడా. డబ్బాలో నిలకడగా ఉండే గాలిని నమ్ముకున్న ఏర్పాటది. డబ్బా తీసేస్తే స్లైడ్ తడబడుతుంది.

ఇప్పుడు ఇథనాల్ కూడా తోడైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, 20 శాతం కలిపిన పెట్రోలుకు కావాల్సిన గాలి 14.7 నుంచి దాదాపు 13.5 పాళ్లకు దిగుతుంది. ఒకప్పుడు సరిగ్గా కుదిరిన జెట్టే ఈ పెట్రోలుకు కాస్త పలచన. దాని మీద ఓపెన్ ఫిల్టర్ పెట్టడమంటే ఒకే వైపు రెండుసార్లు నెట్టడం. (లద్దాఖ్ ఎక్కే బుల్లెట్లకు సంగతి తిరగబడుతుంది. అక్కడ గాలే పలచన, పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది.)

మార్పులు చేయొద్దని కాదు. పద్ధతి ఉంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి, కొత్త ప్లగ్గు వేసి ఖాళీ రోడ్డు మీద నడిపి చూడాలి, మొన బిస్కెట్ రంగుకు వచ్చేదాకా ఓపిక పట్టాలి. రోజూ ఆఫీసుకు పోయే బండికైతే ఆ తంటా అక్కర్లేదు. మన దుమ్ముకు, వానకు కంపెనీ డబ్బాయే మేలు.

తప్పు కుర్రాళ్లది మాత్రమే కాదు. ఫిల్టర్ అమ్మే దుకాణం దానికి తగ్గ జెట్లు అమ్మదు, అమ్మాలన్న ఆలోచనా లేదు. కాబట్టి డబ్బు చేతికిచ్చే ముందే అడగండి: ఇప్పుడున్న దానికంటే ఒక సైజు, రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్లు ఉన్నాయా అని. లేవంటే ఫిల్టర్ అక్కడే పెట్టి వచ్చేయండి.