జర్మనీలో వేతనముతోడి పరిశోధన

విదేశవిద్య యనగానే మన కుటుంబములలో మొదట వచ్చునది అప్పుమాట. బిడ్డ చదువునకై పొలము తాకట్టుపెట్టిన గృహస్థులు మన జిల్లాలలో అరుదు కారు. ఎం.ఎస్. చదువునకు ఈ భారము కొంత తప్పకపోవచ్చును. కాని డాక్టరేటు పరిశోధనకు సైతము ఇట్లే ఋణము చేయవలెనను తలంపు సరికాదు. ఇందుకు జర్మనీ మంచి నిదర్శనము.

ఆ దేశమున డాక్టరేటునకు పాటుపడువాడు పెక్కుచోట్ల విద్యార్థి మాత్రుడు కాడు; ఉద్యోగి. విశ్వవిద్యాలయము అతనితో కాలపరిమితిగల ఒడంబడిక వ్రాసికొని, ప్రభుత్వ వేతనశ్రేణి ననుసరించి జీతమిచ్చును. ఇంజనీరింగు శాఖలలో తఱచు పూర్తి జీతమును, ఇతర శాఖలలో సగము మొదలు ముప్పాతికవఱకును లభించును. పన్నులు, బీమా చందాలు అందుండియే పోవును. బోధనారుసుము సాధారణముగా లేదు.

ఇందు రెండు మార్గములు గలవు. పూర్వపద్ధతిలో ఒక ఆచార్యుని యంగీకారమే సర్వస్వము. శిష్యుని కాలమును, భవిష్యత్తును ఆయనపైననే ఆధారపడియుండును. క్రమబద్ధమైన రెండవ పద్ధతి తరువాత వచ్చినది. 1990లో జర్మన్ పరిశోధనా సంఘము (డి.ఎఫ్.జి.) పరిశోధక బృందముల శిక్షణకు ధనసహాయ మారంభించెను. 2000లో మాక్స్ ప్లాంక్ సంఘము విశ్వవిద్యాలయములతో కలసి అంతర్జాతీయ పరిశోధనా పాఠశాలలను నెలకొల్పెను. వీనిలో ప్రవేశమునకు బహిరంగ ప్రకటన, నిర్ణీతమైన గడువు, ముఖాముఖి పరీక్ష యుండును. పర్యవేక్షకులు ఒక్కరు గాక పలువురుందురు. పరిచయముల బలము లేని పల్లెటూరి విద్యార్థికి ఇదియే న్యాయమైన ద్వారము.

ద్వారము తెఱచియున్నను ప్రవేశము సులభము కాదు. నాలుగేండ్ల బి.టెక్. పట్టము సాధారణముగా చాలదు; ఎం.టెక్. గాని ఎమ్మెస్సీ గాని కావలెను. ఒకే లేఖను నూర్గురు ఆచార్యులకు పంపుట మనవారు చేయు పెద్ద పొరపాటు. ఆచార్యుని వ్యాసములు చదివి, ఆయన పరిశోధనకు తానేమి చేర్పగలడో తెలుపని యభ్యర్థికి ప్రత్యుత్తర మాశింపరాదు. స్థానమిప్పించెదనని సొమ్మడుగు మధ్యవర్తిని నమ్మనేరాదు. పరిశోధనావకాశముల వివరములను డి.ఎ.ఎ.డి. యను జర్మన్ విద్యా వినిమయ సంస్థ ఉచితముగానే తెలుపుచున్నది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోవుటకు మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధియు ఆసరా యయ్యెను. 1930లో ఆయన హార్వర్డులో డాక్టరేటు పొందిరి. ఆనాడు ప్రతిభావంతునకు కొఱత ధనము. నేడు పరిశోధకునకు జీతమిచ్చు సంస్థలు గలవు, కొఱత సమాచారమునకే. ఆ కొఱత తీర్చుట మన కళాశాలల విధి. ప్రతి కళాశాలయు తన యాచార్యులలో నొకరిని ఈ పనికి నియోగించినచో, ఎన్ని కుటుంబముల పొలములో తాకట్టు పాలు గాక నిలుచును!