వింటి మీది ముడి

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక ‘మేరీ రోజ్’ 1545 జులై 19న పోర్ట్స్‌మత్ దగ్గర సముద్రంలో మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. నాలుగు శతాబ్దాలు బురద కప్పి కాపాడిన ఆ ఓడలో 170కి పైగా పొడవాటి విళ్లు దొరికాయి. అన్నీ ఆరడుగులు దాటిన యూ చెట్టు కర్రలే. వాటిలో ముడులున్నవీ ఉన్నాయి. ముడి వచ్చిన చోట విల్లు చెక్కినవాడు చెయ్యి ఆపాడు. చుట్టూ చెక్క తగ్గించి, అక్కడ మాత్రం కాస్త ఎత్తుగా వదిలేశాడు. పక్క నుంచి చూస్తే చిన్న బొడిపెలా ఉంటుంది.

ఇప్పుడైతే ఆ బొడిపెను చూసి పని సగంలో వదిలేశారనుకుంటారు. బల్ల అయినా తలుపు అయినా అద్దంలా నున్నగా ఉంటేనే మంచి పనితనమని మన కళ్లకు అలవాటైంది. బల్లకు ఆ లెక్క చెల్లుతుంది, వింటికి చెల్లదు. నునుపు కోసం ముడి మీది చెక్క గీకేసినవాడు చేజేతులా విల్లు విరుచుకున్నట్టే.

నారి లాగినప్పుడు వింటి వీపు, అంటే విలుకాడికి అవతలి వైపు, సాగుతుంది. అతని వైపున్న పొట్ట నొక్కుకుపోతుంది. యూ కర్రకు అంత పేరు ఎందుకంటే ఒకే దుంగలో రెండు పనులకూ తగిన చెక్క దొరుకుతుంది. బెరడు కింది తెల్లచెక్క సాగుడుకు ఓర్చుకుంటుంది, లోపలి చేవ నొక్కుడుకు ఓర్చుకుంటుంది. అయితే ఈ బలమంతా చెక్క నార తెగనంతవరకే. ముడి అంటే ఒకప్పటి కొమ్మ మొదలు. నార దాన్ని చుట్టుకుని, కాస్త ఉబ్బి, ముందుకు పోతుంది. ఆ ఉబ్బును చదును చేస్తే చుట్టుకుపోయే పోగులన్నీ తెగుతాయి. తెగిన చోటే వీపు మీద పెచ్చు లేస్తుంది. అలా పెచ్చు లేచిన విల్లు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

అందుకే ముడి దగ్గరికి రాగానే అనుభవమున్నవాడు రెండు పిడుల కత్తిని పక్కన పెట్టి, ఉక్కు రేకు అందుకుంటాడు. నార వంపు తిరిగిన చోట కత్తి లోపలికి దిగి చెక్కును ఊడదీస్తుంది. రేకుతో గీకితే పొట్టు మాత్రమే రాలుతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాత. దాన్ని టిల్లరింగ్ అంటారు. పొలం దున్నే పవర్ టిల్లర్‌కూ దీనికీ సంబంధం లేదు. విల్లును గోడకు బిగించిన కొయ్య మీద ఆనించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా లాగుతూ, నాలుగడుగులు వెనక్కి జరిగి వంపు చూడాలి. మొదట రెండు మూడు అంగుళాలే లాగాలి. ఎక్కడ కర్ర బిర్రబిగుసుకుని వంగనంటుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. దించి, పొట్ట వైపు మాత్రమే పల్చగా గీకాలి. మళ్లీ ఎక్కించి, ఇరవై ముప్పై సార్లు మెల్లగా లాగి, మళ్లీ చూడాలి. ఇందులో తొందర పనికిరాదు. మందం పదో వంతు తగ్గితే బిగువు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. 20 మిల్లీమీటర్ల మందంలో పొరపాటున 2 మిల్లీమీటర్లు పోయాయంటే, ఆ ఒక్క చోటే విల్లు తలుపు బందులా మడుచుకుంటుంది.

ముడి ఉన్న చోట చెక్క ఎక్కువ కాబట్టి వంపులో చిన్న తిన్నటి ముక్క కనబడుతుంది. కొత్తవాడు దాన్ని తప్పనుకుని గీకుతాడు. లేదా దానికి ఆనుకుని అటూ ఇటూ గీకి రెండు మడతలు తెచ్చిపెడతాడు. చేయితిరిగినవాడు ఆ ముక్కను అలాగే ఉండనిచ్చి, అక్కడ తగ్గిన వంపును ఆ రెక్కలో, అంటే పిడికిలికి ఆ పక్కనున్న వింటి సగంలో, మిగతా అంతటికీ పంచుతాడు. కొలబద్దతో అంతటా ఒకే మందం చూపించిన విల్లు కన్నా ఇది ఎక్కువ కాలం బతుకుతుంది.

అన్ని ముడులూ ఒకటి కావు. కుళ్లి నల్లబడిన దాన్ని తొలిచేయాలి. గుంత పూడ్చవచ్చు గానీ పూడిక బరువు మోయదు, అందుకని రెండు పక్కలా వెడల్పు మిగల్చాలి. రెక్క అంచున పడ్డ ముడి అన్నిటికన్నా ప్రమాదం. కర్ర మీద వింటి ఆకారం గీసుకునేటప్పుడే దాన్ని నడుమకైనా తేవాలి, పూర్తిగా బయటికైనా పంపాలి. పిడికిలి పట్టే చోట పడితే పెద్ద బెంగ లేదు.

ముడులున్న కర్రను పారేసి మరొకటి తెచ్చుకోవచ్చు కదా అంటారు. మంచి యూ కర్ర స్వదేశంలో చాలక, వచ్చే ఓడలు టన్ను సరుకుకు నాలుగు వింటి కర్రలు తేవాలని ఇంగ్లండ్ 1472లో చట్టమే చేసింది. అంత కరువులో ముడి చూసి ముఖం తిప్పుకోవడం ఎవరికి సాధ్యం?

తెలుగువాళ్లకు విలువిద్య అంటే ఇప్పుడు విజయవాడ జ్యోతి సురేఖ, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె గెలిచిన మూడు స్వర్ణాలు. ఆమె చేతిలోని కాంపౌండ్ విల్లు కప్పీలతో నడిచే యంత్రం. ఆ ఆటకు అదే తగినది. కానీ కర్ర గట్టిదనానికీ మనిషి సత్తాకూ ‘చేవ’ అనే ఒకే మాట వాడే భాషలో, చెక్కను చదవడం తెలిసిన చేతులు తగ్గిపోకూడదు. కొయ్యపని నేర్పేవాళ్లకు ఒక మనవి: పిల్లల చేతికి మొదట యంత్రంలో కోసిన నున్నటి పలక ఇవ్వకండి. ముడి ఉన్న కర్ర ఒకటి, ఉక్కు రేకు ఒకటి ఇవ్వండి.